గుండెపోటు తర్వాత మాత్రలు: ఏది ఎన్నాళ్లు, ఆపాలంటే ఎలా

గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని, ఎనిమిది నెలలో ఏడాదో గడిచాక దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న వస్తుంది: "ఇప్పుడు బాగానే ఉంది కదా, ఇన్ని మాత్రలు ఇంకా ఎన్నాళ్లు మింగాలి?" ప్రశ్న సబబైనదే. అయిదారు మాత్రల్నీ ఒకే మూటగా చూడటం వల్లే చిక్కంతా వస్తుంది. చీటీలో ఉన్న ప్రతి మాత్రకూ వేరే పని, వేరే గడువు ఉంటాయి. కొన్నిటికి తేదీ ఉంటుంది, ఆ తేదీ దాటాక ఆపడమే మేలు. కొన్ని జీవితాంతం వాడాలి. ఒకదాని విషయంలోనైతే పెద్ద పెద్ద అధ్యయనాలే ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు. అందుకని డాక్టరు దగ్గర "మందులు ఆపేయొచ్చా సార్" అని మొత్తంగా అడగకండి. "ఈ మాత్ర ఎందుకు, ఎప్పటిదాకా" అని ఒక్కోదాని గురించీ విడిగా అడగండి. ఆ సంభాషణకు తయారవడం ఎలాగో, ఈలోపు తిరుపతి, చిత్తూరు వైపు రోజువారీ బతుకులో మాత్రలు తప్పిపోకుండా చూసుకోవడం ఎలాగో చెబుతున్నాం.

మొదట ఒక కాగితం

డిశ్చార్జ్ సమ్మరీ బయటికి తీయండి. ఒక తెల్లకాగితం మీద పైన నాలుగు సంగతులు రాయండి: గుండెపోటు వచ్చిన తేదీ, స్టెంట్ వేసిన తేదీ, ఎన్ని స్టెంట్లు, చివరి ఎకోలో (గుండె స్కాన్) గుండె పంపింగ్ ఎంత శాతం. ఎకో రిపోర్టులో దీన్ని ఈఎఫ్ అని రాస్తారు. 50 శాతం, ఆపైన ఉంటే పంపింగ్ బాగున్నట్టు. 40, అంతకంటే తక్కువ ఉంటే దెబ్బతిన్నట్టు. మందుల లెక్క చాలావరకు ఈ అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

దాని కింద మాత్రలు రాయండి. కంపెనీ పేరు కాదు, పట్టీ వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరూ, ఎన్ని మిల్లీగ్రాములో అదీ రాయాలి. ఇది ఎందుకు ముఖ్యమో చూడండి. మన వైపు చాలామంది స్టెంట్ వేలూరులోనో చెన్నైలోనో బెంగళూరులోనో వేయించుకుంటారు, ఆ తర్వాత చూపించుకునేది ఇక్కడి డాక్టరుకు. రెండు చీటీలవుతాయి, రెండు మెడికల్ షాపులవుతాయి. క్లోపిలెట్, డెప్లాట్ రెండూ క్లోపిడోగ్రెల్ మాత్రలే. పేర్లు వేరు కాబట్టి రెండూ మింగేవాళ్లున్నారు. క్లోపిలెట్ పక్కన "ఏ" అనే అక్షరం ఉంటే అందులో ఆస్పిరిన్ కూడా కలిసి ఉన్నట్టు. దాంతోపాటు విడిగా ఎకోస్ప్రిన్ వేసుకుంటే ఆస్పిరిన్ రెండింతలవుతుంది, కడుపులో రక్తస్రావానికి దారి తీయవచ్చు. ఒక డాక్టరు రాసిన అటార్వాస్టాటిన్, ఇంకొకరు రాసిన రోసువాస్టాటిన్ ఒకే డబ్బాలో ఉన్నా ఇదే తప్పు. రెండూ కొలెస్ట్రాల్ మాత్రలే, ఒకటే ఉండాలి.

"గోల్డ్" అని పేరున్న గుళికలు వాడుతుంటే మరీ జాగ్రత్త. ఎకోస్ప్రిన్ గోల్డ్‌లో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటార్వాస్టాటిన్ మూడూ ఉంటాయి. ఏడాది నిండాక డాక్టరు "క్లోపిడోగ్రెల్ ఇక చాలు" అంటారు. ఇంటికొచ్చి ఆ గుళిక మానేస్తే మిగతా రెండూ, అంటే జీవితాంతం వాడాల్సినవి కూడా, దానితోపాటే పోతాయి. గుళిక ఆపమన్న రోజే "దీని బదులు ఏవేవి విడిగా వేసుకోవాలి" అని అడిగి రాయించుకోండి. ఇంకో సంగతి, ఆ గుళికల్లో అటార్వాస్టాటిన్ ఎక్కువగా 10 లేదా 20 మిల్లీగ్రాములే ఉంటుంది. గుండెపోటు వచ్చినవాళ్లకు మామూలుగా కావలసింది 40 నుంచి 80. లోటును ఎలా పూడుస్తున్నారో కూడా అడగండి.

రక్తం పల్చబరిచే మాత్రలు: తేదీ ఉన్నది ఇక్కడే

మామూలుగా రెండు ఉంటాయి. ఒకటి ఆస్పిరిన్ 75 మి.గ్రా. రెండోది క్లోపిడోగ్రెల్ 75 రోజుకొకటి, లేదా టికాగ్రెలార్ 90 రోజుకు రెండుసార్లు, లేదా ప్రాసుగ్రెల్ 10 రోజుకొకటి.

స్టెంట్ అంటే రక్తనాళంలో కూర్చోబెట్టిన లోహపు జాలి. రక్తానికి పరాయి లోహం తగలగానే ప్లేట్‌లెట్లు వచ్చి అతుక్కుని గడ్డ కడతాయి. కొన్ని నెలలు గడిచేసరికి రక్తనాళం లోపలి పొర ఆ జాలి మీదుగా పెరిగి దాన్ని కప్పేస్తుంది. అప్పటిదాకా ప్లేట్‌లెట్లను అదుపులో పెట్టేది ఈ రెండు మాత్రలే. స్టెంట్ లోపల గడ్డ కడితే నాళం నిమిషాల్లో మూసుకుపోతుంది, ప్రాణాలు పోయే అవకాశం చాలా ఎక్కువ. ఇంత ప్రమాదం తెచ్చే కారణాల్లో ముఖ్యమైనది, మొదటి నెలల్లో ఈ రెండో మాత్రను ముందుగానే మానేయడం.

గుండెపోటు తర్వాత ఈ జంట మామూలుగా 12 నెలలు. పుండ్లు, రక్తహీనత, కిడ్నీ జబ్బు, ముదిమి వల్ల రక్తస్రావం భయం ఎక్కువుంటే డాక్టరు ఆరు నెలలకో, అంతకంటే ముందో తగ్గిస్తారు. స్టెంట్లు ఎక్కువుండి, షుగర్ కూడా ఉండి, రక్తస్రావం భయం లేనివాళ్లకు ఏడాది దాటినా పొడిగించవచ్చు. గడువు తీరాక ఒక్క మాత్ర మిగులుతుంది. ఎక్కువమందికి అది ఆస్పిరిన్, కొందరికి దాని బదులు క్లోపిడోగ్రెల్. ఆ ఒక్కటీ జీవితాంతం. గుండె లయ తప్పి వేరే రక్తం పల్చబరిచే మందు వాడుతున్నవాళ్ల లెక్క వేరు, వాళ్లకు ఏడాది తర్వాత సాధారణంగా ఆ మందొక్కటే సరిపోతుంది.

కాగితం మీద ఈ రెండో మాత్ర ఎదురుగా ఆపాల్సిన తేదీ రాసుకోండి. తేదీకి ముందు ఆపడం ఎంత ప్రమాదమో, తేదీ దాటి మూడేళ్లయినా పాత చీటీ మీదే కొనుక్కుని రెండూ మింగుతుండటమూ అంతే తప్పు. రెండోదాని వల్ల కలిగేది కడుపులోనో మెదడులోనో రక్తస్రావం. మెడికల్ షాపువాళ్లు ఆపమని చెప్పరు, వాళ్లు చీటీలో ఉన్నదే ఇస్తారు.

టికాగ్రెలార్ మొదలుపెట్టిన వారాల్లో కొందరికి ఆయాసం వస్తుంది, ఊరికే కూర్చున్నా గాలి చాలనట్టుంటుంది. భయపడి మానేసేవాళ్లు ఎక్కువ. ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. గుండె వల్ల వచ్చిన ఆయాసం కాదని తేలితే, ఓర్చుకోగలిగితే కొనసాగిస్తారు. లేకపోతే క్లోపిడోగ్రెల్‌కు మారుస్తారు. మార్చేటప్పుడు మొదటి మోతాదు మామూలుకంటే పెద్దగా ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి ఆ మార్పు ఇంట్లో జరిగేది కాదు.

కొలెస్ట్రాల్ మాత్ర: రిపోర్టు నార్మల్ వస్తే ఆపకూడదు

ఎక్కువగా మానేసేది దీన్నే. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 50కో 60కో దిగుతుంది, "నార్మల్ వచ్చేసింది" అని ఆపేస్తారు. ఆ అంకె మాత్ర వల్ల దిగింది. మాత్ర ఆపితే కొన్ని వారాల్లో మళ్లీ పాత చోటికే వెళుతుంది. పైగా ల్యాబ్ రిపోర్టు పక్కన అచ్చువేసే "100 లోపు నార్మల్" అనే గీత ఆరోగ్యవంతులది. గుండెపోటు వచ్చినవాళ్ల ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలి, మందు వాడక ముందున్న అంకెలో కనీసం సగానికి తగ్గాలి. మాత్ర మొదలుపెట్టాకా, మోతాదు మార్చాకా 4 నుంచి 8 వారాలకు పరీక్ష చేయించండి. 40 లేదా 80 అటార్వాస్టాటిన్‌తో (లేదా 20 నుంచి 40 రోసువాస్టాటిన్‌తో) దిగకపోతే ఎజెటిమైబ్ 10 కలుపుతారు. దానికీ దిగకపోతే సూదిమందులున్నాయి.

కొలెస్ట్రాల్ మొదటి నుంచీ మామూలుగా ఉన్నవాళ్లకు కూడా ఈ మాత్ర రాస్తారు. నాళాల్లో ఇప్పటికే ఉన్న కొవ్వు పూడికను గట్టిపరిచి, పగలకుండా ఉంచడమూ దాని పనే. ఎక్కువ గుండెపోట్లకు మూలం ఆ పూడిక పగలడమే.

ఒళ్లునొప్పులు వచ్చాయనేది ఆపడానికి చెప్పే పెద్ద కారణం. నిజంగా మాత్ర వల్ల వచ్చే నొప్పి సాధారణంగా రెండు తొడల్లోనో రెండు భుజాల్లోనో సమానంగా ఉంటుంది, మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే వస్తుంది. ఒక మోకాలు, ఒక మడమ నొప్పికి ఈ మాత్రతో సంబంధం ఉండదు. 2020లో బ్రిటన్ నుంచి వెలువడిన సామ్సన్ అనే అధ్యయనంలో, ఇలాంటి బాధలతో మాత్ర మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏదీ లేకుండా ఇచ్చి చూశారు. అసలు మాత్రతో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. అంటే నొప్పి అబద్ధమని కాదు, దానికి కారణం ఎక్కువసార్లు వేరే ఉంటుందని. కాబట్టి వరస ఇది: సీకే రక్తపరీక్ష (కండరాలు దెబ్బతిన్నాయేమో చూపేది), థైరాయిడ్ పరీక్ష చేయించండి. థైరాయిడ్ తగ్గినవాళ్లకు ఈ మాత్రతో నొప్పులు ఎక్కువ. డాక్టరు చెబితే కొన్ని వారాలు ఆపి, తగ్గిందో లేదో చూసి, తక్కువ మోతాదుతోనో వేరే రకంతోనో మళ్లీ మొదలుపెట్టాలి. మూత్రం డికాషన్ రంగులోకి మారి, కాళ్లు లేపలేనంత నీరసం వస్తే మాత్రం ఆ రోజే ఆపి ఆసుపత్రికి వెళ్లండి. అది అరుదు, కానీ కిడ్నీలను దెబ్బతీస్తుంది.

జ్వరానికో దగ్గుకో క్లారిత్రోమైసిన్, తామరకు ఇట్రాకొనజోల్ లాంటివి రాస్తే "నేను అటార్వాస్టాటిన్ వాడుతున్నాను" అని చెప్పండి. రెండూ కలిస్తే కండరాలకు హాని. ఆ కొద్ది రోజులు కొలెస్ట్రాల్ మాత్ర ఆపమని డాక్టరే చెప్పవచ్చు.

తెల్లమద్ది చెక్క కషాయం గురించి చాలామంది అడుగుతారు. ఈ మాత్రకు గానీ, పల్చబరిచే మాత్రలకు గానీ అది బదులు కాదు. తాగుతుంటే డాక్టరుకు చెప్పి తాగండి, దాచకండి.

మెటోప్రొలాల్ రకం మాత్రలు: నిజంగా చర్చ ఉన్నది వీటి మీదే

మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్. గుండె వేగాన్ని, బీపీని తగ్గించి దాని మీద భారం దించుతాయి. పంపింగ్ 40 లేదా అంతకంటే తక్కువుంటే వీటి గురించి రెండో మాట లేదు, కొనసాగించాల్సిందే.

పంపింగ్ 50 దాటి బాగున్నవాళ్ల సంగతే తేలలేదు. 2024లో స్వీడన్ నుంచి వచ్చిన రెడ్యూస్ అధ్యయనంలో అలాంటివాళ్లకు ఈ మాత్ర వల్ల మరణాలు గానీ మళ్లీ గుండెపోట్లు గానీ తగ్గలేదు. 2025లో స్పెయిన్, ఇటలీల్లో జరిగిన రీబూట్ కూడా అదే చెప్పింది. అయితే 2024లోనే ఫ్రాన్సులో జరిగిన ఎబిస్‌లో, వాడుతూ వాడుతూ ఆపేసినవాళ్లు గుండె సమస్యలతో ఆసుపత్రికి ఎక్కువగా వచ్చారు. నార్వే, డెన్మార్క్ అధ్యయనంలో కొంత మేలు కనబడింది. మా అభిప్రాయం ఇది: ఏడాది దాటి, పంపింగ్ 50 పైన ఉండి, ఛాతీనొప్పి, గుండె లయ తప్పడం, అదుపులో లేని బీపీ ఏవీ లేకపోతే "ఇది ఇంకా అవసరమా" అని డాక్టరును నిస్సంకోచంగా అడగండి. నీరసం, పీడకలలు, కాళ్లూ చేతులూ చల్లబడటం, మగవారిలో లైంగిక ఇబ్బంది ఉంటే అవి కూడా చెప్పండి. సిగ్గుపడి చెప్పక, గుట్టుగా మానేసేవాళ్లే ఎక్కువ.

ఒప్పుకున్నా ఒక్కసారిగా ఆపకూడదు. ఇన్నాళ్లూ అణచిపెట్టిన వేగం ఒక్కసారిగా పైకి తన్నుకొస్తుంది, ఛాతీనొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. మోతాదును సగం చేసి, ఆ తర్వాత మళ్లీ సగం చేసి, ఒకటి రెండు వారాల్లో దించుతారు. ఊరికి వెళుతూ పట్టీ మరిచిపోయినా అదే ప్రమాదం. ఎక్స్‌ఎల్ అని ఉన్న మెటోప్రొలాల్ మాత్రను మధ్య గీత మీద విరవవచ్చు. నమలకూడదు, పొడి చేయకూడదు. అలా చేస్తే రోజంతటి మందూ ఒకేసారి దిగిపోతుంది. నాడి నిమిషానికి 50 లోపు పడి కళ్లు తిరుగుతుంటే తర్వాతి మోతాదు వేసుకునేముందు డాక్టరుకు ఫోన్ చేయండి.

మిగిలినవి

రామిప్రిల్ లేదా టెల్మిసార్టాన్ (బీపీ తగ్గించి గుండెను కాపాడేవి): షుగర్, బీపీ, కిడ్నీ సమస్య, తగ్గిన పంపింగ్ ఏది ఉన్నా జీవితాంతమే. రామిప్రిల్‌తో రాత్రిపూట గొంతు గీరుతూ పొడిదగ్గు పట్టుకుంటే దగ్గు సిరప్పుల మీద డబ్బు తగలేయకండి. టెల్మిసార్టాన్‌కు మార్చమని అడగండి, కొద్ది వారాల్లో పోతుంది. పెదాలు, నాలుక వాస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఆ మాత్ర మళ్లీ జన్మలో ముట్టకూడదు. మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), పొటాషియం పరీక్ష తప్పనిసరి. గర్భం దాల్చే వయసు ఆడవాళ్లు ఈ మాత్రల గురించీ కొలెస్ట్రాల్ మాత్ర గురించీ ముందే మాట్లాడుకోవాలి.

పంపింగ్ తగ్గినవాళ్లకు స్పైరొనొలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ 10 లాంటివి కలుస్తాయి. ఎకోలో పంపింగ్ 35 నుంచి 50కి పెరిగిందని వీటిని ఆపకండి, పెరగడానికి సాయపడినవి ఇవే. స్పైరొనొలాక్టోన్‌తో మగవారికి రొమ్ములు నొప్పి పుడితే ఎప్లరెనోన్ ఉంది. షుగర్ లేకపోయినా డాపాగ్లిఫ్లోజిన్ గుండె కోసమే రాస్తారని తెలుసుకోండి, "నాకు షుగర్ లేదే" అని పక్కన పడేయకండి.

గ్యాస్ మాత్ర, అంటే పాంటోప్రజోల్ 40, రెండు పల్చబరిచే మాత్రలు వాడినన్నాళ్లు పరగడుపునే. ఒక్కటే మిగిలాక అది అవసరమో కాదో అడగండి. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు ఒమెప్రజోల్, ఎసొమెప్రజోల్ కొనుక్కోకండి, అవి క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తాయి.

ఎవరో ఆపమన్నప్పుడు

పన్ను పీకాలి, రక్తం మాత్రలు అయిదు రోజులు ఆపి రండి అంటారు. ఒక పన్నుకు ఆపాల్సిన పని సాధారణంగా లేదు. దూది ఒత్తి పట్టుకోవడం, కుట్టు, రక్తం ఆగే మందు అద్దడంతో సరిపోతుంది, కాకపోతే రక్తం ఆగడానికి మరికాస్త సమయం పడుతుంది. స్టెంట్ తేదీ ఉన్న మీ కాగితాన్ని దంతవైద్యుడికి చూపించి, ఇద్దరు డాక్టర్లనూ ఫోన్‌లో మాట్లాడుకోమనండి. హెర్నియా, కంటిశుక్లం, మోకాలి ఆపరేషన్లకూ ఇదే పద్ధతి. వాయిదా వేయగలిగిన పెద్ద ఆపరేషన్‌ను గుండెపోటు తర్వాత వీలైతే ఏడాది దాకా ఆపుతారు. తప్పకపోతే టికాగ్రెలార్‌ను 3 నుంచి 5 రోజుల ముందు, క్లోపిడోగ్రెల్‌ను 5, ప్రాసుగ్రెల్‌ను 7 రోజుల ముందు ఆపి, ఆస్పిరిన్‌ను చాలావరకు కొనసాగిస్తారు. ఆపిన రోజే, ఏ రోజు తిరిగి మొదలుపెట్టాలో కూడా రాయించుకోండి. ఆపరేషన్ అయ్యాక తిరిగి మొదలుపెట్టడం మరిచిపోవడమే ఎక్కువగా జరిగే తప్పు.

వానాకాలంలో డెంగీ వస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఇంట్లో కూర్చుని ఆపడమూ, మొండిగా కొనసాగించడమూ రెండూ తప్పే. రోజూ ప్లేట్‌లెట్ల పరీక్ష చేయించి ఆ అంకెను గుండె డాక్టరుకు పంపండి. 50 వేల లోపుకు పడితే ఏ మాత్ర ఉండాలో ఆయనే నిర్ణయించాలి. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు గుండెపోటు వచ్చినవాళ్లు మామూలు రోజుల్లో కూడా వాడకూడదు. ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ పనికే అడ్డుపడుతుంది.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, మే నెల ఎండలో తిరిగి ఒంట్లో నీరు పోయినా రామిప్రిల్, టెల్మిసార్టాన్, నీరు పోయించే మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్ కిడ్నీలను దెబ్బకొడతాయి. డాక్టరుకు ఫోన్ చేసి వాటిని రెండు మూడు రోజులు ఆపవచ్చు, మామూలుగా తినడం తాగడం మొదలయ్యాక మళ్లీ వేసుకోవాలి. పల్చబరిచే మాత్రలూ కొలెస్ట్రాల్ మాత్రా ఆ రోజుల్లో కూడా ఆగవు. అదే ఎండాకాలంలో స్పైరొనొలాక్టోన్ వాడేవాళ్లు, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు రోజుకు రెండు మూడు కొబ్బరి బోండాలు తాగితే పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. తక్కువ సోడియం అని అమ్మే ఉప్పులోనూ పొటాషియమే ఉంటుంది.

రోజూ తప్పకుండా ఉండాలంటే

వారానికి సరిపడా గళ్ల డబ్బా కొనండి, ఆదివారం సాయంత్రం నింపండి. పది రోజుల మాత్రలు మిగిలి ఉండగానే కొత్తవి తెప్పించండి. పల్లె మెడికల్ షాపుల్లో టికాగ్రెలార్ అన్నిసార్లూ దొరకదు. ఖర్చు భారమైతే ఆపకముందే డాక్టరుకు చెప్పండి. జన ఔషధి దుకాణాల్లో వీటిలో చాలా మందులు బాగా తక్కువ ధరకు దొరుకుతాయి, పీహెచ్‌సీల్లో కొన్ని ఉచితం. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద స్టెంట్ వేయించుకుని ఉంటే తర్వాతి మందులకు ఏమైనా వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని పథకం కౌంటర్ దగ్గర అడగండి. ఒకరోజు మార్చి ఒకరోజు వేసుకుని పొదుపు చేయడం కంటే చవక కంపెనీకి మారడం వెయ్యి రెట్లు నయం.

మాత్ర మరిచిపోతే: రోజుకొకటి వేసుకునేవాటిని గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, తర్వాతి వేళ దగ్గరపడితే వదిలేయండి. టికాగ్రెలార్ తప్పితే తర్వాతి వేళకు ఒకటే వేసుకోండి. ఎప్పుడూ రెండు కలిపి మింగకూడదు.

పెరటాసి శనివారాలకు ఒక్కపొద్దు ఉండేవాళ్లు మాత్రలకు ఒక్కపొద్దు పెట్టకండి. నీళ్లతో మాత్ర మింగితే వ్రతానికి భంగం కాదని మీ పెద్దలూ ఒప్పుకుంటారు. ఆస్పిరిన్‌ను మాత్రం ఆ రోజు తినే వేళకు మార్చుకోండి. రంజాన్ ఉపవాసాలుండే వాళ్లు ముందే డాక్టరుతో వేళలు సర్దించుకోవాలి. షుగర్ మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లయితే మరీను.

తిరుమల కొండకు వెళ్లేటప్పుడు ఒక చిన్న సంగతి చాలామందిని దెబ్బతీస్తుంది. అలిపిరి దగ్గర బ్యాగు లగేజీ కౌంటర్లో ఇచ్చేస్తారు, మాత్రలు అందులో ఉండిపోతాయి. దర్శనానికి ముందు ఫోనూ ఇచ్చేస్తారు, చీటీ ఫొటో అందులో ఉండిపోతుంది. కంపార్ట్‌మెంట్లో గంటల తరబడి కూర్చుంటే రాత్రి మాత్ర తప్పుతుంది, ఒంట్లో బాగోకపోతే చూపించడానికి ఏమీ ఉండదు. ఒక రోజు మాత్రలు, ఛాతీనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర, మీ కాగితం మడిచి జేబులోనో కొంగుకో ఉంచుకోండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2,388. గుండె జబ్బు ఉన్నవాళ్లు నడకదారిన రావద్దని టీటీడీయే చెబుతుంది, బస్సులో వెళ్లండి. కళ్యాణకట్టలో తలనీలాలు ఇచ్చేటప్పుడు "రక్తం పల్చబరిచే మందులు వాడుతున్నాను, నిదానంగా" అని ముందే చెప్పండి. కోసుకుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు తీయకుండా ఒత్తి పట్టుకోవాలి. మధ్య మధ్యలో తీసి చూస్తుంటే ఆగదు. గుండు కోసం మాత్ర ఆపకండి.

ఓపీకి వెళ్లినప్పుడు

మొదటి ఏడాది డాక్టరు చెప్పిన ప్రతిసారీ, తర్వాత కనీసం ఆరు నెలలకోసారి. కాగితం, మాత్రల పట్టీలన్నీ ఒక సంచిలో, కొత్త ఎల్‌డీఎల్, క్రియాటినిన్, పొటాషియం, హిమోగ్లోబిన్ రిపోర్టులు తీసుకెళ్లండి. స్విమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రి ఓపీలో మీ చేతికి దొరికేది కొద్ది నిమిషాలు, కాబట్టి ప్రశ్నలు ముందే రాసుకోండి: రెండో పల్చబరిచే మాత్ర ఏ తేదీన ఆపాలి? ఆపాక ఏది మిగలాలి? నా ఎల్‌డీఎల్ 55 లోపు ఉందా? నా పంపింగ్‌కు మెటోప్రొలాల్ ఇంకా కావాలా? గ్యాస్ మాత్ర ఆపొచ్చా? జవాబులు అక్కడే కాగితం మీద రాయండి. ఆపమన్న మాత్ర మీద అడ్డగీత, పక్కన తేదీ. వెంట వచ్చిన కొడుకో కోడలో ఇంట్లో డబ్బా నింపేవాళ్లైతే వాళ్లనే రాయమనండి.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

మలం తారులా నల్లగా, జిగటగా రావడం (ఐరన్ మాత్రలతోనూ నల్లబడుతుంది, కానీ జిగట, దుర్వాసన ఉంటే రక్తమే అనుకోండి), రక్తపు వాంతి, తలకు దెబ్బ తగలడం, ఒక్కసారిగా భరించలేని తలనొప్పి, మూతి వంకరపోవడం. ముక్కు నుంచి రక్తం కారితే ముందుకు వంగి మెత్తటి భాగాన్ని పదిహేను నిమిషాలు నొక్కి పట్టుకోండి. ఆగకపోతే వెళ్లండి. ఈ భయంతో మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, అక్కడ డాక్టరు ఆపుతారు.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లచెమటలు వస్తే కూర్చుని సార్బిట్రేట్ 5 మి.గ్రా. ఒకటి నాలుక కింద పెట్టుకోండి. నిలబడి పెట్టుకుంటే బీపీ పడి కిందపడతారు. లైంగిక ఇబ్బందికి వాడే సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు, టడాలఫిల్ వేసుకుని 48 గంటలు దాటకపోతే అది పెట్టుకోకూడదు. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తస్రావం జరుగుతున్నవాళ్లు కాకపోతే 300 మి.గ్రా., అంటే 75వి నాలుగు, నమిలి మింగండి. మామూలు రోజుల్లో నమలకుండా మింగే మాత్రే అయినా ఇప్పుడు నమలాలి, త్వరగా పనిచేయాలి కాబట్టి. బైకు మీద వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరకండి. అంబులెన్సు ఎక్కేటప్పుడు ఆ కాగితం చేతికివ్వండి, స్టెంట్ తేదీ, ఇప్పుడు వాడుతున్న మాత్రలు అక్కడి డాక్టరుకు మొదటి నిమిషంలోనే తెలియాలి.